పుల్లయ్య ముక్కు

"ఏరా, వీడి ముక్కేంటి, గద్ద ముక్కులా అయింది?" అంది అమ్మ, ఇంట్లోకొచ్చి చేతిలో సంచీ ఇంకా కింద పెట్టకుండానే.

ఇది 2024 దసరా సంగతి. పొద్దున లేచింది మొదలు నేను చూసేది వాడి మొహమే. ఇంట్లోంచి పని చేసే రోజుల్లో అయితే స్టాండప్ కాల్ అయ్యేదాకా నా భుజమ్మీదే కూర్చుంటాడు. అయినా నా కంటికి ఆనలేదు. రోజూ చూసేవాడికి కనపడదు మరి. మెమరీ లీక్ కూడా అంతే కదా, రోజుకి కాస్త కాస్త పెరుగుతుంటే ఎవడూ పట్టించుకోడు, ఏ శుక్రవారం రాత్రో సర్వర్ పడిపోయాక గ్రాఫ్ తీసి చూస్తే మూడు నెలల నించీ గీత పైకే పోతూ ఉంటుంది. ఫోన్లో పాత ఫోటోలు తీసి చూశా. నిజమే. ఏడాది కిందట ముచ్చటగా లోపలికి వంగి ఉన్న ముక్కు, ఇప్పుడు కింది ముక్కుని దాటి గొంతు మీదికి వచ్చేసింది.

వాడంటే ఎవరో చెప్పలేదు కదూ. పుల్లయ్య. కాకటీల్. ఆస్ట్రేలియా నించి వచ్చిన చిలకల జాతి. బూడిద రంగు ఒళ్ళు, పసుప్పచ్చ మొహం, బుగ్గల మీద నారింజ రంగు బొట్లు, నెత్తి మీద జుట్టు. నా రూమ్మేటు ముచ్చటపడి కొన్నాడు. 2022లో వాడికి అమెరికా వీసా వచ్చింది. "మావా, ఓ ఆర్నెల్లు చూస్కో, మా చెల్లెలికి ఇచ్చేస్తా" అని వెళ్ళాడు. ఆ ఆర్నెల్లు ఇంకా అవలేదు :-) పేరు మాత్రం నేను పెట్టిందే. చీపురు పుల్ల, అగ్గిపుల్ల, ఐస్‌క్రీం పుల్ల, ఏది దొరికినా నిముషంలో పొట్టు పొట్టు చేసేస్తాడని.

అంత పొట్టు చేసేవాడు కొన్నాళ్ళుగా పుల్లల జోలికి పోవట్లేదని కూడా అమ్మ అడిగాకే గుర్తొచ్చింది. పెద్దాడయ్యాడు, బుద్ధి వచ్చిందనుకున్నా.

సరే, మనం ఇంజనీర్లం. సమస్య కనపడింది, వెతికితే పరిష్కారం దొరుకుతుంది. ఓ గంట వీడియోలు చూశా. తువ్వాల్లో చుట్టి, తల వెనక నించి పట్టుకుని, చివర కత్తిరించేస్తే అయిపోయిందన్నాడొకడు. గోరు లాంటిదే, నొప్పుండదన్నాడు ఇంకొకడు. అమ్మ తువ్వాలు పట్టుకుంది, నేను నెయిల్ కట్టర్ పట్టుకున్నా. టక్కుమంది. ఒక సెకను ఏమీ లేదు. తర్వాత ముక్కు చివర్న ఎర్రటి చుక్క. తుడిస్తే మళ్ళీ చుక్క. మళ్ళీ చుక్క. వాడు అరవలేదు. అరిచినా బావుండేది. కళ్ళు పెద్దవి చేసుకుని నా వంకే చూశాడు.

అమ్మే వంటింట్లోకి పరిగెత్తి కార్న్‌ఫ్లోర్ తెచ్చి ముక్కు చివర అద్ది పట్టుకుంది. ఆగడానికి పది నిముషాల పైనే పట్టింది. తువ్వాలు మీద మరకలు చూస్తే పెద్దగా ఏమీ లేవు, కానీ వంద గ్రాముల పక్షి ఒంట్లో మొత్తం నెత్తురే పది మిల్లీలీటర్లు. రెండు చెంచాలు. ఆ లెక్క ఆ పూట నాకు తెలియకపోవడం ఒకందుకు మంచిదే అయింది, తెలిస్తే అక్కడే పడిపోయేవాణ్ణి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ తాతయ్య కూడా ఇలాగే కోశారు" అంది.

అమ్మమ్మ వాళ్ళ ఊరు తెనాలి దగ్గర. నా చిన్నప్పుడు వాళ్ళింట్లో పంజరంలో రామచిలక ఉండేది. సంతలో కొన్నారో, ఎవరైనా తెచ్చిచ్చారో తెలీదు. వేసవి సెలవులకి వెళ్తే దానికి పచ్చిమిరపకాయ తినిపించడం మా పిల్లలందరికీ పెద్ద ఆట. అమ్మమ్మ పెరుగన్నం పెట్టేది, పొద్దుతిరుగుడు గింజలు వేసేది, పిల్లలం మాకిచ్చిన చేగోడీలు కూడా కమ్మీల్లోంచి తోసేవాళ్ళం. అన్నీ తినేది. ఒక ఏడు వెళ్తే పంజరం ఖాళీగా ఉంది. "దిష్టి తగిలిందిరా" అంది అమ్మమ్మ. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. దాని ముక్కు పెరిగి పెరిగి తినలేకపోయిందిట. తాతయ్య రెండు మూడుసార్లు కత్తిరించారుట, మళ్ళీ పెరిగిందిట. చివర్లో అమ్మమ్మ పాలల్లో అన్నం మెత్తగా పిసికి చేత్తో పెట్టేదిట. ఒకరోజు అదీ మానేసింది.

(రామచిలకని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం అని మా వాళ్ళకెవరికీ తెలీదు. ఊళ్ళో సగం ఇళ్ళల్లో చిలక ఉండేది, వీధి చివర చిలక జోస్యం వాడు ఉండేవాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే రామచిలకని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. పంజరాల్లో ఉన్నవాటికి ఆ కబురు అందిందో లేదో.)

మర్నాడు దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన ఎక్కువగా కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తారు. పుల్లయ్యని చూసి "ఓ, ఇదా" అని, నాకంటే నేర్పుగా ఇంకాస్త కత్తిరించి, నున్నగా అరగదీసి, విటమిన్ చుక్కలు రాసిచ్చి పంపారు. అయిదు నిముషాల పని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చే దారిలో పెంపుడు జంతువుల షాపులో ఇసక కాగితం చుట్టిన కర్ర ఒకటి అంటగట్టారు, దాని మీద కూర్చుంటే ముక్కూ గోళ్ళూ వాటంతటవే అరుగుతాయని. రెండు వారాల తర్వాత చూస్తే వాడి అరికాళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి, ముక్కు మాత్రం హాయిగా పెరుగుతోంది. కర్ర తీసి పారేశా.

2025 సంక్రాంతికి ముక్కు మళ్ళీ మొదటికొచ్చింది.

మా టీంలో ఒక సీనియర్ ఉండేవాడు. సర్వర్ పడిపోయినప్పుడల్లా రీస్టార్ట్ చేసి టికెట్ మూసేసేవాడు. "ఎందుకు పడిందన్నా?" అని అడిగితే "లేచింది కదా!" అనేవాడు. మేం వాణ్ణి చూసి నవ్వుకునేవాళ్ళం. పుల్లయ్య ముక్కు విషయంలో నేను చేసింది అచ్చంగా అదే. పుల్లయ్య అని పేరు పెట్టింది వాడికి, ఎందుకో అడక్కుండా వేమవరం వెళ్ళొచ్చింది మాత్రం నేను.

ఈసారి వెతికి వెతికి పక్షుల్ని మాత్రమే చూసే డాక్టర్‌ని పట్టుకున్నా. ఊరికి ఆ చివర. అట్టపెట్టెకి చిల్లులు పెట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళా. ఆవిడ ముక్కు వైపు చూడనే లేదు. ముందు వాణ్ణి తక్కెట్లో కూర్చోబెట్టి బరువు చూసింది. 118 గ్రాములు. తర్వాత నా వైపు తిరిగి "ఏం పెడుతున్నారు?" అంది.

"గింజలు మేడం."

"ఏం గింజలు?"

షాపులో అమ్మే మిక్స్ ప్యాకెట్ మేడం, మంచి బ్రాండే, అని చెప్పా. "అందులో వాడు ముందు ఏది ఏరుకుంటాడు?" అంది. పొద్దుతిరుగుడు. "అవి అయిపోయాక?" అవి అయిపోతే గిన్నె తన్నేస్తాడు, నేను మళ్ళీ నింపుతా. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచింది చూడండి, మా మేనేజర్ కోడ్ రివ్యూలో కూడా అలా నిట్టూర్చలేదు.

అప్పుడు వాడి ముక్కు చూపించింది. నేను రోజూ చూస్తూ చూడని ఇంకో సంగతి. ముక్కు మీద సన్నగా నల్లటి చారలు, రెండు గోళ్ళ మీద మచ్చలు. మురికనుకున్నా నేను. లోపల నెత్తురు చిమ్మితే అలా కనపడతాయిట. రక్తపరీక్ష, ఎక్స్‌రే తీయించింది. ఎక్స్‌రేలో లివరు ఉండాల్సిన దాని కంటే పెద్దగా ఉంది. కొవ్వు పట్టేసింది.

"మీ సమస్య ముక్కు కాదండీ, లివరు" అంది.

ముక్కు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందిట, ఆరోగ్యంగా ఉన్న పక్షికి కూడా. లోపల ఎముక, దాని మీద కెరటిన్ పొర, మన గోళ్ళల్లో ఉండే పదార్థమే. కొరకడం, నమలడం, పైముక్కుని కిందిముక్కుతో రాసుకోవడం వల్ల పెరిగింది పెరిగినట్టు అరిగిపోతూ ఉంటుంది. లివరు పాడైతే ఆ కెరటిన్ తయారీ గాడి తప్పుతుంది. తొందరగా పెరుగుతుంది, పెళుసుగా పొరలు పొరలుగా వస్తుంది. దానికి తోడు గింజల్లో విటమిన్ ఏ దాదాపు ఉండదు, అది లేకపోయినా ముక్కు, చర్మం దెబ్బ తింటాయి. బడ్జీలకైతే ఇంకో కారణం కూడా ఉంటుంది, ముక్కు చుట్టూ తెల్లగా తేనెపట్టులా పొలుసులు కడితే అది ఒక రకం పురుగు, దానికి మందు వేరు. ఆ మందు కూడా చుక్క ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి డాక్టరే వెయ్యాలి. ఇన్ని కారణాలు ఉంటే మనం చూసేది మాత్రం చివరికి పొడుగైన ముక్కొక్కటే.

నేను నెయిల్ కట్టర్ కథ కూడా చెప్పేశా, తలొంచుకుని. ఆవిడ తిట్టలేదు. "నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు తయారయ్యేది లివర్లోనే. లివరు బాగాలేని పక్షికి నెత్తురు ఒక పట్టాన ఆగదు. మీ అమ్మగారు కార్న్‌ఫ్లోర్ పెట్టారు కాబట్టి సరిపోయింది" అంది మామూలుగా. ఆ మామూలుగా అన్నది ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తుంది.

ఇంకోటి కూడా చెప్పింది. ముక్కు చివరి దాకా నరాలు ఉంటాయిట. అందుకే గింజని నోట్లో తిప్పి, పొట్టు ఒకవైపు, పప్పు ఒకవైపు చెయ్యగలవు చిలకలు. తెలుగులో మనం మన ముక్కుకీ పక్షి ముక్కుకీ ఒకటే మాట వాడతాం, బహుశా అందుకే నేను దాన్ని మొహానికి అతికించిన వస్తువులా చూశా. వాటికది చెయ్యి. కాలు కూడా. 2022లో అమెరికాలో లవ్‌బర్డ్స్ మీద ఒక పరిశోధన చేశారు. అవి నిలువుగా పైకెక్కేటప్పుడు ముక్కుతో లాగే బలం ఎంతుందో కొలిస్తే, కాళ్ళ బలానికి సమానంగా, కొన్నిసార్లు ఎక్కువగా కూడా ఉంది. మూడో కాలు అన్నమాట. పుల్లయ్య కర్టెన్ ఎక్కడం ఎప్పుడు మానేశాడో అప్పుడు లెక్కేసుకున్నా.

ఆవిడ ముక్కు కత్తిరించలేదు. చిన్న మోటారు మీద తిరిగే రాయితో కొంచెం కొంచెంగా అరగదీసింది, మధ్యలో ఆపి వాడికి ఊపిరి తీసుకునే టైమిస్తూ. పట్టుకునేటప్పుడు ఛాతీ నొక్కకూడదుట. పక్షులకి మనకున్న డయాఫ్రం లేదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి. తువ్వాల్లో బిగించి చుడితే గిలగిల్లాడకుండానే పోతుంది. ఆ వీడియోల్లో ఈ ముక్క ఎవడూ చెప్పలేదు.

తర్వాత అసలు యుద్ధం మొదలైంది. తిండి మార్చడం.

గింజలు ఒక్కసారి ఆపెయ్యకూడదు. చిన్న పక్షి, ఒకటి రెండు రోజులు తినకపోతే చాలు, ఆ కొవ్వు పట్టిన లివరు మీద ఇంకా భారం పడి చచ్చిపోతుంది. తిండి అనుకోనిది ఎదురుగా గిన్నెడు పెట్టినా ఆకలితో కూర్చుంటాడు తప్ప ముట్టడు. అందుకని రోజూ పొద్దున్నే గ్రాముల తక్కెట్లో బరువు చూసి ఎక్సెల్లో రాయమంది. కొద్ది రోజుల్లోనే పదిశాతం తగ్గితే ఫోన్ చెయ్యమంది. నా కెరీర్లో నేను ఇంత శ్రద్ధగా మెయింటెయిన్ చేసిన షీటు ఇంకోటి లేదు.

పొద్దుతిరుగుడు గింజలు తీసేసి కొర్రలు, సామలు కొద్దిగా. పక్కన పక్షుల కోసం తయారు చేసే పెల్లెట్లు. ముందు క్యారెట్ తురుము. వాడు దాన్ని చూసి పంజరం ఆ మూలకి పారిపోయాడు. చిలగడదుంప ఉడకబెట్టి పెట్టా. గిన్నెతో సహా కింద పడేశాడు. ఎర్ర క్యాప్సికం, కొత్తిమీర, ఏదీ లేదు. నాలుగో రోజుకి 118 కాస్తా 109 అయింది. రాత్రి పదకొండింటికి డాక్టరుకి మెసేజ్ పెట్టా, చేతులు వణుకుతుంటే. "గింజలు కొంచెం పెంచండి, ఇంకా మెల్లగా వెళ్ళండి" అని జవాబొచ్చింది. రోల్‌బ్యాక్. ఏం చేస్తాం.

పదిహేను రోజులు అలా గడిచాక అమ్మ ఫోన్లో చెప్పింది, "వాడికి పెట్టడం కాదు, నువ్వు తిను వాడి ముందు" అని. నవ్వొచ్చింది కానీ నిజమే, చిలకలు గుంపులో బతికే జీవాలు, పక్కవాడు తినేదే తింటాయి. మా అపార్ట్‌మెంట్ కింద మునగ చెట్టుంది. రెండు రెబ్బలు తెంపి కడిగి, వాడి ఎదురుగా కూర్చుని పచ్చి మునగాకు నమిలా. ఎంత చేదో అడక్కండి. "అబ్బ, ఎంత బావుందో" అని వాడితో చెప్తూ మరీ నమిలా. ఆ టైములో పక్కింటి అంకుల్ తలుపు తీసుకుని ఏదో అడగడానికి వచ్చి, చూసి, అడక్కుండానే వెళ్ళిపోయారు. మూడో రోజు వాడు వచ్చి నా నోటి దగ్గరున్న రెబ్బని లాక్కున్నాడు. తినలేదు, చింపాడు. మర్నాడు చింపి ఒక ముక్క మింగాడు. నేను ఆఫీసులో ప్రమోషన్ వచ్చినప్పుడు ఇంత సంతోషించలేదని మా టీంలో చెప్తే మాత్రం ఎవడూ నమ్మలేదు.

ఆ టీంలోనే ఒకడు అడిగాడు, మొత్తం ఎంతయిందని. పరీక్షలూ, ఎక్స్‌రే, మందులూ కలిపి ఆరు వేల దాకా అయిందన్నా. "పిచ్చోడివా, కొత్తది మూడు వేలకి రాదూ?" అన్నాడు. వాడు చెడ్డవాడేం కాదు. లెక్క ప్రకారం వాడన్నది తప్పు కూడా కాదు. నేను వెంటనే ఏం చెప్పలేకపోయా. తర్వాత అనిపించింది, ఈ లెక్కలోనే తేడా ఉంది, వాడి లివరు పాడు చేసింది నేను. మూడేళ్ళ పాటు రోజూ, ప్రేమగా, గిన్నె నింపి మరీ. కొత్తది తెస్తే దానికీ అదే చేద్దును.

నాకు కోపం వచ్చేది ఇంకెక్కడంటే, ఆ గింజల ప్యాకెట్ మీద. పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ, పక్కన నిగనిగలాడే చిలక. మందు డబ్బా మీద ఉన్నట్టు ఒక్క హెచ్చరిక లేదు. అమ్మే కుర్రాడికీ తెలీదు. అవకాడో పక్షులకి విషమనీ, నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగకి నిముషాల్లో చచ్చిపోతాయనీ కూడా నాకు ఈ డాక్టరే చెప్పింది, అప్పటి దాకా పంజరం వంటింటి గుమ్మం పక్కనే ఉంది. పక్షిని అమ్మడానికి నాలుగు నిముషాలు చాలు, ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు. పెంచడమే తప్పు, వదిలెయ్యి అనేవాళ్ళూ ఉన్నారు. నాకూ కొన్ని రాత్రులు అలాగే అనిపిస్తుంది. కానీ పంజరంలో పుట్టి పెరిగిన ఆస్ట్రేలియా పక్షిని హైదరాబాద్‌లో వదిలితే సాయంత్రానికి కాకులో, పిల్లో చూసుకుంటాయి. కాబట్టి ఇంకో పక్షిని కొనను, వీడున్నన్నాళ్ళు వీణ్ణి చూసుకుంటా. నేను తేల్చుకోగలిగింది అంతవరకే.

2025 ఆగస్టుకి బరువు 101 దగ్గర నిలబడింది. ముక్కు మీద కొత్త చారలు రావట్లేదు, పాతవి ముక్కుతో పాటు మెల్లగా కిందికి జరిగి అరిగిపోయాయి. అరగదీయించాల్సిన అవసరం మొదట్లో ఆరు వారాలకోసారి ఉండేది, తర్వాత మూడు నెలలకి వెళ్ళింది, ఇప్పుడు డాక్టరు చూసి ఊరికే పంపించేస్తోంది. లివరు పూర్తిగా మామూలైందా అంటే "పర్లేదు" అంటుంది తప్ప అవునని ఒక్కసారీ అనలేదు. పంజరంలో ఇప్పుడు వేపపుల్లలు, జామకొమ్మలు, ఒక మూల కటిల్‌బోన్. అమ్మమ్మకి చూపిస్తే "ఇది సముద్రపు నురుగు కదరా, పచారీ కొట్లో దొరికేది" అంది. అమ్మమ్మకి ఆ చిలక సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే ఫోన్లో పుల్లయ్యని చూస్తూ "తింటున్నాడా?" అని రెండుసార్లు అడిగింది.

రూమ్మేట్‌కి మొన్న వీడియో కాల్‌లో చూపించా. "మావా, ఏంట్రా సన్నబడ్డాడు, తిండి పెట్టట్లేదా?" అన్నాడు. మునగాకు పెడుతున్నానంటే పడి పడి నవ్వాడు. చెల్లెలికి ఎప్పుడిస్తావని వాడూ అడగలేదు, నేనూ అడగలేదు.

రాత్రి లైటు తీసేశాక పంజరం మీద దుప్పటి కప్పుతా. కాసేపటికి లోపల్నించి గర్ర్... గర్ర్... అని సన్నగా చప్పుడు మొదలవుతుంది. కిందిముక్కుని పైముక్కుకేసి రాసుకుంటాడు, నిద్దరొచ్చే ముందు. నెమ్మదిగా, హాయిగా ఉన్నప్పుడే అలా చేస్తాయిట. జబ్బుగా ఉన్నన్నాళ్ళు ఆ చప్పుడు లేదు, లేదని కూడా నేను గమనించలేదు. ఇప్పుడు అది వినపడేదాకా ల్యాప్‌టాప్ మూసి చీకట్లో కూర్చుంటున్నా. ఇది రాస్తుంటే కూడా వినపడుతోంది. ఎఫ్5 కీ మాత్రం లేదు, పొద్దున పీకేశాడు.